తాళమునకు రెండవ చెవి

శ్రీకాకుళము పట్టణమునకు చేరువలో, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారిపై ఎచ్చెర్ల యున్నది. ఆ మండలమునకు రెండు ముఖములు కలవు. ఒకటి విద్యల వైపునకు తిరిగినది. 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఇచ్చటనే యున్నది. జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచు సాంకేతిక విద్యాలయము మండలములోని ఎస్.ఎం. పురమున నడచుచున్నది. రెండవ ముఖము సముద్రము వైపునకు తిరిగినది. బుడగట్లపాలెము, డి. మత్స్యలేశము మున్నగునవి జాలరి పల్లెలు. ఒకవైపున కంప్యూటరు శాస్త్రము నభ్యసించు బాలబాలికలు. వేరొకవైపున సొంత తీరమున వేట చాలక, గుజరాతులోని వేరావలు రేవునకు పోయి పరుల పడవలపై కూలికి వేటాడువారి కుటుంబములు. ఈ రెండు వర్గములకును సామాన్యమైన వస్తువొకటి కలదు. అది చేతిలోని ఫోను.

2018 నవంబరులో వేరావలునుండి వేటకు వెడలిన ఉత్తరాంధ్ర జాలరులు కొందరు పాకిస్తాను సముద్ర రక్షణ దళమునకు చిక్కి కరాచీ చెరసాలలో పడిరి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలవారు వారిలో నుండిరి. 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి స్వదేశమున అడుగు పెట్టిరి. చెరసాలనుండి వచ్చు ఉత్తరము ఎట్టిదో ఊహించుట కష్టము కాదు. అది అధికారుల కన్నుపడకుండ రాదని వ్రాయువానికి తెలియును, చదువువారికిని తెలియును. కనుక అందులో క్షేమము వ్రాయుదురు, మనసు వ్రాయరు. పరుడు చదువునని తెలిసిన క్షణముననే కలము వెనుదీయును. గోప్యత యనగా నేమో ఇంతకంటె తేటగా చెప్పు నిర్వచనము లేదు.

కాని చెరలో లేని మనుష్యుడు, ఏ నేరమునకును పాల్పడని మనుష్యుడు, తన ఇంటికి పంపుకొను మాట సంగతి యేమి? వేరావలులోని భర్త ఎచ్చెర్ల మండలములోని భార్యకు అప్పుల లెక్కయో, ఆడపిల్ల సంబంధమో, తల్లి రోగమో ఫోనులో చెప్పుకొనును. ఆ మాట వారిరువురికి తప్ప అన్యులకు వినరాకుండుట వారి హక్కా? లేక ప్రభుత్వము కోరినప్పుడు విప్పదగినట్లుగా, ముందునుండియే ఆ మాటను వదులుగా కట్టవలెనా? ఎన్‌క్రిప్షన్‌ను సడలించు శాసనములను గూర్చి నేడు ప్రపంచమంతట జరుగుచున్న వివాదము ఈ చిన్న ప్రశ్నలో నిమిడియున్నది.

కార్డు, కవరు

తపాలా ప్రబలముగా సాగిన దినములలో ఈ భేదము పల్లెలలో అందరును ఎరిగినదే. బియ్యము ధర, పండుగకు వచ్చు తేదీ కార్డుపై వ్రాసెడివారు. పోస్టుమాను చదివినను, రచ్చబండపై నలుగురు చదివినను నష్టము లేదు. ఇంటి గుట్టు వ్రాయవలసివచ్చినప్పుడు కవరు కొని, అంచునకు జిగురు రాచి అంటించెడివారు. కవరు కొన్నవానిని దొంగ యని ఎవ్వరును అనలేదు. పశువుల సంతలో బేరగాండ్రు తుండుగుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టుకొని ధర తేల్చుకొనుట కూడ ఇట్టిదే. బేరము బహిరంగమే, ధర మాత్రము రహస్యము. కౌటిల్యుని అర్థశాస్త్రములో గూఢచారులు వాడవలసిన సంకేతలిపుల ప్రస్తావన యున్నది. మాటను కప్పి పంపుట మన దేశమునకు క్రొత్తగాదు. క్రొత్తదనమంతయు, ఆ కప్పుటను యంత్రము చేయుటలో నున్నది.

ఈ యంత్రపు పని గణితముపై ఆధారపడినది. ఆ గణితపు మూలసూత్రము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందరానిది కాదు. 89ని 97తో హెచ్చవేయుమన్న నిమిషములో 8,633 అని చెప్పవచ్చును. కాని 8,633 ఇచ్చి, ఇది ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పుమన్న, కాగితముపై చాలసేపు తడవుకొనవలసినదే. ఆ రెండు సంఖ్యలలో నొక్కొక్కటి వందల అంకెల పొడవున్నచో, నేటి మహాయంత్రములకును విడదీయుట సాధ్యము కాదు. ముందునకు సులభము, వెనుకకు దుర్గమము. ఇట్టి మార్గముల నాధారము చేసికొని, ముందుగా కలిసి రహస్యసంకేతము నిర్ణయించుకొనని ఇరువురు గూఢముగా మాటలాడుకొనవచ్చునని 1976లో డిఫీ, హెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. మరుసటి సంవత్సరమే రివెస్ట్, షమీర్, ఏడల్మన్ అను మువ్వురు ప్రధాన సంఖ్యల గుణకారముపై నొక పద్ధతిని నిర్మించిరి.

దానిని పోలికతో చెప్పవలెనన్న నిట్లు చెప్పవచ్చును. ప్రతి ఫోనును తెరచియున్న తాళములను లోకమునకు పంచిపెట్టుచున్నది. వాని చెవిని మాత్రము తనయొద్దనే దాచుకొనుచున్నది. ఉత్తరము పంపువాడు పెట్టెలో వ్రాతను ఉంచి, అవతలివాని తాళమును నొక్కివేయును. వేసిన పిమ్మట వేసినవాడు సైతము దానిని తీయలేడు. పెట్టెను మోసికొనిపోవు కంపెనీయు తీయలేదు. 2016 ఏప్రిలులో వాట్సాపు తన సందేశములన్నిటికిని ఈ జాతి రక్షణను కల్పించినది. నాటినుండి వేరావలు మాట ఎచ్చెర్ల చేరువరకు త్రోవలో వినువాడు లేడు. ఎవడు ఎవనికి ఏ వేళ పంపెనో కంపెనీకి తెలియవచ్చును. లోపలి మాట మాత్రము తెలియదు.

తెలుగులో తాళము తీయు సాధనమును చెవి యందురు. వినెడి ఇంద్రియమును చెవియే. ఈ శాసనముల కథ యంతయు ఆ రెండర్థముల నడుమ నడచినది. తాళమునకు రెండవ చెవి చేయించుటయనగా గోడకు చెవి పెట్టించుటయే.

ఒక ఉత్తరము విప్పుట

ప్రభుత్వము ప్రజల మాటలు వినుట నేటి విషయము కాదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టములోని 5వ సెక్షను, 1898 నాటి తపాలా చట్టములోని 26వ సెక్షను పరప్రభుత్వ కాలముననే ఆ యధికారమును కల్పించినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను అవి నిలిచియే యుండెను. 1986లో పార్లమెంటు తపాలా చట్టమును సవరించు బిల్లును ఆమోదించినప్పుడు, ఉత్తరములు విప్పు అధికారము మితిమీరినదన్న ఆందోళన దేశమున చెలరేగినది. రాష్ట్రపతి జైల్ సింగ్ దానికి సమ్మతి తెలుపక తనయొద్దనే యుంచిరి. అది చట్టము కాలేదు.

న్యాయస్థానములలో ఈ చర్చకు తొలి వెలుగు చూపినవారిలో తెలుగువా రొకరు కలరు. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అనువాడు బందిపోటు కేసులో సాక్ష్యము లేక విడుదలయ్యెను. అయినను పోలీసులు అతనిపై చరిత్రపత్రము తెరచి, రాత్రివేళ తలుపు తట్టుచు నిఘా వేసిరి. 1962లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ రాత్రి సందర్శనములను కొట్టివేసెను గాని, గోప్యత మన రాజ్యాంగమున ప్రత్యేకముగా హామీ యిచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాకులు భావించిరి. రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు వారితో విభేదించిరి. గోప్యతను రాజ్యాంగములో పేరు పెట్టి చెప్పకపోయినను అది వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని యంశమని వారి తీర్పు సారాంశము. నిఘా నీడలో తిరుగువాని స్వేచ్ఛ స్వేచ్ఛ కాదని వారు గుర్తించిరి. ఆ యభిప్రాయము అప్పుడు ఓడినది. 55 సంవత్సరములు గడచిన తరువాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కేయని ప్రకటించినప్పుడు, సుబ్బారావుగారి మాటయే గెలిచినది.

ఈ నడుమ 1996 డిసెంబరు 18న, పౌరహక్కుల ప్రజాసంఘము వేసిన కేసులో, టెలిఫోను వినుటకు సుప్రీంకోర్టు హద్దులు గీచినది. ఉత్తరువు హోం కార్యదర్శియే ఇయ్యవలెను. అది రెండు నెలలకు మించి నడువరాదు. పొడిగించినను మొత్తము ఆరు నెలలు దాటరాదు. ఒక సంఘము దానిని సమీక్షింపవలెను. అయితే ముందుగా న్యాయమూర్తి అనుమతి కావలెనని ఆ తీర్పు నిర్బంధింపలేదు. ఉత్తరు విచ్చువారును కార్యదర్శులే, సమీక్షించువారును కార్యదర్శులే.

లోపములెన్ని యున్నను, ఆ పాత పద్ధతికి ఒక లక్షణము కలదు. అనుమానింపబడినవాడు ఒకడు, విప్పబడిన ఉత్తరము ఒకటి. తక్కిన కోట్ల కవరుల జిగురు చెక్కుచెదరదు.

అన్ని కవరులను పలుచన చేయుట

సమాచార సాంకేతిక చట్టము 2000లో వచ్చినది. 2008లో సవరింపబడిన దాని 69వ సెక్షను ప్రకారము, గూఢముగా నున్న సమాచారమును విప్పి యిమ్మని ప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చును. సహకరింపనివానికి ఏడు సంవత్సరముల వరకు శిక్ష కలదు. 2009 నాటి నియమములు దానికి విధానమును ఏర్పరచినవి. ఆ సవరణలోనే చేరిన 84ఏ సెక్షను, దేశములో ఎట్టి ఎన్‌క్రిప్షన్ వాడవలెనో నిర్ణయించు అధికారమును కేంద్రమునకు ఒసగినది. 2015 సెప్టెంబరులో ఆ సెక్షను క్రింద ఒక జాతీయ విధానపు చిత్తుప్రతి వెలువడినది. ప్రజలు తాము పంపిన గూఢ సందేశముల అసలు పాఠమును 90 దినములు భద్రపరచి, అడిగినప్పుడు చూపవలెనని అందులో నుండెను. కవరులో వేసిన ప్రతి ఉత్తరమునకును నకలు తీసి ఇంట పెట్టుకొనుమన్నట్లే గదా! నిరసన రేగుటతో రెండు దినములు తిరుగకముందే ప్రభుత్వము దానిని ఉపసంహరించుకొన్నది.

2021 ఫిబ్రవరి 25న క్రొత్త నియమములు వెలువడినవి. దేశమున 50 లక్షలకు మించిన వాడుకదార్లు గల సందేశ సంస్థలు, న్యాయస్థానమో అధికారియో చట్టరీత్యా కోరినచో, ఒక సందేశమును మొదట పంపినవా డెవడో చెప్పగలిగి యుండవలెనని వానిలోని 4(2)వ నియమము. ఈ నియమమును నిష్పక్షపాతముగా చూడవలెనన్న, దాని హద్దులును చెప్పవలెను. దేశభద్రత, ప్రజాశాంతి, అత్యాచారము, బాలలపై లైంగిక దౌర్జన్యము వంటి ఘోర నేరములకే అది వర్తించును. వేరు మార్గమున పని నెరవేరునప్పుడు ఈ ఉత్తరు వీయరాదు. సందేశములోని మాటను బయటపెట్టుమని సంస్థను నిర్బంధింపరు.

అయినను చిక్కు తప్పదు. రేపు ఏ సందేశమును గూర్చి అడుగుదురో నేడు ఎవరికిని తెలియదు. అందుచే అడిగినప్పుడు చెప్పగలుగుటకై, అడుగకముందే ప్రతి సందేశముపైనను పుట్టినచోటు గుర్తు వేసి యుంచవలెను. కోటిమందిలో నొకని పట్టుటకు కోటిమంది వ్రేలిముద్రలును తీసి యుంచవలెను. ఈ కారణమునే చెప్పుచు వాట్సాపు సంస్థ 2021 మే నెలలో ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినది. ఎన్‌క్రిప్షన్‌ను విరువుమన్నచో ఈ దేశమును విడిచిపోవలసివచ్చునని 2024 ఏప్రిలులో ఆ సంస్థ న్యాయవాది కోర్టునకు విన్నవించెను.

ఆ నియమములోనే ఒక వాక్యము వలస కుటుంబములు ప్రత్యేకముగా గమనింపదగినది. మొదట పంపినవాడు విదేశమున నున్నచో, భారతదేశములో దానిని తొలుత పంపినవారినే ప్రథమ ప్రేషకునిగా భావింపవలెనని అది చెప్పుచున్నది. దుబాయిలో కూలికి పోయినవాడు ఎక్కడనో వచ్చిన వదంతిని ఇంటికి పంపెననుకొందము. నిజమని నమ్మి, తోడికోడలికి తెలియవలెనని దానిని ముందునకు త్రోసిన ఇల్లాలు చట్టము దృష్టిలో ఆ వదంతికి తల్లియగును. ఆమె దానిని పుట్టింపలేదు. గుమ్మము దాటించినది, అంతే.

2023లో రెండు పురాతన చట్టముల స్థానమున క్రొత్తవి వచ్చినవి. తపాలా చట్టము 1898 దానిని తొలగించినది. టెలికమ్యూనికేషన్ల చట్టము 1885 దాని స్థానమును పొందుచున్నది. పేర్లు మారినవి, వినుటకు విప్పుటకు గల అధికారము మారలేదు. పైగా సందేశమును అర్థమగు రూపమున అందింపుమని ఆజ్ఞాపించు అధికారమును టెలికమ్యూనికేషన్ల చట్టపు 20వ సెక్షను స్పష్టముగా చేర్చినది. అదే సంవత్సరము వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున, ప్రభుత్వము తాను నోటిఫై చేసిన తన సంస్థలకు ఆ చట్టమునుండియే మినహాయింపు పొందు వీలును కల్పించుకొన్నది.

ప్రభుత్వ పక్షము

ఇదంతయు నిరంకుశత్వమని కొట్టివేయుట న్యాయము కాదు. ప్రభుత్వమునకు చెప్పుకొనదగిన కారణములు కలవు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపున వదంతులు వ్యాపించి, దేశమున పెక్కుచోట్ల అమాయకులను గుంపులు కొట్టిచంపినవి. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఒక్కనాడే అయిదుగురు హతులైరి. తెలుగునాటను ఆ వదంతులు ఊరూర పాకి, పరాయి మనుష్యుని చూచిన భయపడు స్థితి వచ్చినది. పసిపిల్లల అసభ్య చిత్రముల నమ్ముకొను నీచులును ఈ తాళముల చాటుననే తిరుగుదురు. ఆ బిడ్డల తల్లిదండ్రులకు గణితసూత్రములు చెప్పి ఊరడింపలేము.

సందేశముతోపాటు పుట్టినవాని గుర్తును చేర్చియు రహస్యమును కాపాడవచ్చునని మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు వి. కామకోటిగారు 2019లో మద్రాసు హైకోర్టునకు ఒక మార్గమును నివేదించిరి. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు మనోజ్ ప్రభాకరన్‌గారు ఆ మార్గమునందలి చిక్కులను చూపిరి. గుర్తును మార్చగలవాడు నేరమును నిరపరాధికి అంటగట్టవచ్చును. కరడుగట్టిన నేరస్థుడు వేరొక యాపునకు, వేరొక దేశపు నంబరునకు మారిపోవును. గుర్తు మిగులునది ఎవరిపై? చట్టమునకు లోబడి, యున్న యాపునే వాడుకొను సామాన్యునిపై. ఎలుకపై కోపమున ఇల్లు తగులబెట్టినచో ఎలుక కన్నము గుండ పారిపోవును, ఇల్లు మాత్రము కాలును.

ఆ వదంతుల కాలముననే వేరొక మందు పని చేసినది. 2018 జూలైలో భారతదేశమున ఒక సందేశమును ఒకసారి అయిదింటికి మించి త్రోయరాకుండ వాట్సాపు కట్టడి చేసినది. ఎవరి ఉత్తరమును విప్పలేదు. కాని వదంతి కాళ్ళకు బంధము పడినది. నేరస్థుని పట్టుకొని వాని ఫోనును చట్టప్రకారము పరిశీలించుట, ఎవరు ఎవరికి ఎప్పుడు పంపిరో తెలుపు వివరములను కోర్టు ఆజ్ఞతో తీసికొనుట, సందేశము నందుకొన్నవారే ఫిర్యాదు చేయుట వంటి మార్గములు నేటికిని తెరచియున్నవి. ఇవి కష్టమైన మార్గములు. పోలీసు పని కష్టము కాకూడదని ఏ రాజ్యాంగమును వ్రాయలేదు.

చెవికి యజమానిని గుర్తించు కన్ను లేదు

ప్రశ్నపత్రముల కట్టలు ఉపాధ్యాయులందరికిని పరిచితములే. లక్కముద్రతో వచ్చును, పోలీసు స్టేషనులో నుండును, నిర్ణీత వేళకు సాక్షుల యెదుట విప్పబడును. అత్యవసరమున కొకరికి కావలెనని ఆ కట్టకు వెనుకవైపున చిన్న కిటికీ పెట్టిరనుకొందము. దాని సంగతి మంచివానికే తెలియునని ఏ ప్రధానోపాధ్యాయుడు హామీ యీయగలడు? గణితమునకు మంచివాడు, చెడ్డవాడు అను భేదము లేదు. రెండవ చెవి యున్నచో, అది దొరికినవాడే యజమాని.

ఇది ఊహ కాదు, ప్రపంచము చూచినదే. 1993లో అమెరికా ప్రభుత్వము క్లిప్పర్ చిప్ అను పరికరమును ప్రతిపాదించినది. దాని చెవులు రెండు ప్రభుత్వ శాఖలయొద్ద భద్రముగా నుండునని చెప్పిరి. మరుసటి సంవత్సరమే మాట్ బ్లేజ్ అను శాస్త్రజ్ఞుడు దానిలోని లోపమును వెల్లడించెను. ఆ పథకము నిలువలేదు. గ్రీసు దేశమున 2004, 2005 సంవత్సరములలో ఆ దేశ ప్రధానమంత్రి ఫోనుతో సహా వందకు పైగా ఫోనులను గుర్తు తెలియనివారు వినిరి. అందుకు వారు వాడినది, ఫోను కంపెనీ ఎక్స్‌ఛేంజిలో చట్టబద్ధముగా వినుటకై పెట్టిన సాఫ్టువేరునే! కంచెయే చేను మేయుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

2024లో అమెరికా టెలిఫోను కంపెనీలలో చీనాకు చెందిన హ్యాకర్లు చొరబడిరని ఆ దేశపు దర్యాప్తు సంస్థలే ప్రకటించినవి. కోర్టు ఆజ్ఞలపై పోలీసులకై సేకరించిన సమాచారములో కొంత వారి చేతికి చిక్కినది. డిసెంబరులో ఆ ప్రభుత్వపు సైబరు రక్షణ సంస్థ పెద్ద అధికారులకు ఒసగిన సలహా ఏమనగా, ఈ కొసనుండి ఆ కొసవరకు తాళము వేసిన యాపులనే వాడుడు అని. పోలీసులకు అడ్డమని పూర్వము నిందింపబడిన తాళమే చివరకు దొరలకు శరణ్యమైనది. బ్రిటనులో 2025 ఫిబ్రవరిలో, ప్రభుత్వ ఒత్తిడి వార్తల నడుమ, యాపిల్ సంస్థ తన అత్యంత పటిష్ఠమైన రక్షణను ఆ దేశపు క్రొత్త వాడుకదార్లకు నిలిపివేసినది. చెవి చేసి యిచ్చుటకంటె తాళమునే తీసివేయుట మేలని తలచినది. నష్టపడినవారు ఆ దేశ ప్రజలే.

ఆంధ్రప్రదేశపు పాఠము

కంపెనీ చేతిలో పెట్టిన మాట గోప్యము కాదనువారికి మన రాష్ట్రపు కేసొకటి సమాధానము చెప్పును. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో స్టాంపుల చట్టపు 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను బ్యాంకులలోనికి ప్రవేశించి పత్రములను పరిశీలించి స్వాధీనము చేసికొనునట్లు వీలు కల్పించినది. స్టాంపు సుంకము ఎగవేయువారిని పట్టుటయే దాని యుద్దేశము, ఉద్దేశము మంచిదే. హైకోర్టు దానిని చెల్లదన్నది. 2004 నవంబరులో, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కెనరా బ్యాంకు నడుమ కేసులో, సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టినది. పత్రము బ్యాంకు బీరువాలో నున్నంత మాత్రమున దాని గోప్యత పోదు. గోప్యత స్థలమునకు గాదు, మనుష్యునికి చెందినది. ఏ కారణముపై, ఎవరు, ఎంతవరకు చూడవచ్చునో హద్దు చెప్పని అధికారము నిలువదు. ఇదియే ఆ తీర్పు సారము.

ఆ సూత్రమును నేటి సందేశములకు అన్వయించి చూడవలెను. పుట్టస్వామి తీర్పు పెట్టిన పరీక్షలును అట్టివే. చట్టముండవలెను, లక్ష్యము న్యాయమైనదై యుండవలెను, తీసికొను చర్య ఆ లక్ష్యమునకు తగినంతయే యుండవలెను, దుర్వినియోగమును అడ్డుకొను రక్షణలుండవలెను. ఒక్క నేరస్థుని కొరకు కోట్లమంది తాళములను వదులు చేయుట మూడవ పరీక్షలో ఎట్లు నెగ్గును? కార్యదర్శి ఉత్తరువును కార్యదర్శులే సమీక్షించుట నాలుగవ పరీక్షకు ఎట్లు నిలుచును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పని శాసనము, ఎంత మంచి పేరుతో వచ్చినను, పౌరుని ఇంటి గుమ్మమున నిలిచి తలుపు తట్టుచున్న ఆ 1962 నాటి రాత్రి సందర్శకుని వంటిదే. భేదమొక్కటే. ఆనాటి తలుపు చప్పుడు ఇంటివానికి వినబడెడిది.

దాచవలసిన దేమియు లేనివానికి భయమేల యని ఒక మాట తరచు వినబడును. ఉపాధ్యాయుడు ఓటు వేయునప్పుడు అట్టముక్క చాటున మీట నొక్కును. అందుచే అతడు నేరస్థుడా? విద్యార్థిని తన దుఃఖమును స్నేహితురాలికి వ్రాసి, ఇంకెవరికిని చెప్పవద్దనును, అది కుట్రయా? దాచుట వేరు, దోషము వేరు. మనుష్యుడు తన మాట ఎవరికి చెందవలెనో తాను నిర్ణయించుకొనగలుగుటయే గోప్యత. అది లేనిచోట అబద్ధములు పెరుగవు, మౌనము పెరుగును. విద్యాలయమునకు మౌనము విషము.

ఎస్.ఎం. పురమున నేడు సంకేతశాస్త్రము చదువు విద్యార్థి రేపు ఏ సంస్థలోనో తాళములు నిర్మింపవచ్చును. వానికి రెండవ చెవి చేయుమని ఆజ్ఞ రావచ్చును. అప్పుడు అతని యెదుట నిలుచునది గణిత సమస్య మాత్రమే కాదు, పౌరధర్మ సమస్య. ఆ రెండును ఒకటేనని బోధింపవలసినది గణితోపాధ్యాయుడును, సాంఘికశాస్త్రోపాధ్యాయుడును కలిసి. ఏలయన, నేడు చేయించిన చెవి నేటి ప్రభుత్వముతోడనే పోదు. ప్రభుత్వములు మారును, అధికారులు మారుదురు, చట్టములకు క్రొత్త యర్థములు వచ్చును. చెవి మాత్రము చేతులు మారుచు ఉండును.

నేరస్థుని ఉత్తరమును న్యాయస్థానము చూచుచుండగా విప్పుట రాజ్యధర్మము. అందరి కవరులను పలుచన చేయుట రాజ్యధర్మము కాదు. వేరావలు రేవున పడవ దిగిన జాలరి ఫోను తీసి ఇంటికి మాటలాడునప్పుడు, క్షేమముతోపాటు మనసునుకూడ చెప్పుకొనగలుగుట ఆ భేదముపైననే ఆధారపడి యున్నది.